ఊదా మూత ట్యూబులోంచి పోసిన నెత్తురు

దవాఖానాలో నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. రిజిస్టర్‌లో విజయలక్ష్మి అని ఉండేది గానీ వార్డుల్లో, ఓపీలో, చివరికి గేటు బయట చాయ్ బండి దగ్గర కూడా నేను నెత్తురక్కనే. రిటైర్మెంట్ రోజు శాలువా కప్పిన సూపరింటెండెంట్ గారు మైకు ముందు నోరు జారి అదే పేరు అనేశారు. జనం నవ్వారు, నేనూ నవ్వాను. ముప్పై ఏళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసిన పని అదే కదా.

మా అన్న బిడ్డ ఈ మధ్య నేను చదివిన కోర్సులోనే చేరింది. "అత్తా, ఏం నేర్చుకుంటే పనికొస్తది?" అని ఫోన్‌లో అడిగింది. నోటికొచ్చిన నాలుగు మాటలు చెప్పి పెట్టేశాను. ఆ తర్వాత మనసొప్పలేదు. ఆ పిల్లకు చెప్పాల్సింది నేను బాగా చేసిన పని గురించి కాదు, పాడు చేసిన పని గురించి. అందుకే ఇది రాస్తున్నాను.

గోదావరి దాటాక అడవి మొదలయ్యేచోట ఒక సర్కారు దవాఖానా అనుకోండి. ఊరు పేరు రాయను. తప్పు నాది, దాన్ని తీసుకెళ్ళి ఊరి నెత్తిన పెట్టడం బాగుండదు. మనుషుల పేర్లు కూడా మార్చాను.

ఒక్క పోటు

మా నాయన ఇల్లందులో బొగ్గుబాయి కార్మికుడు. దెబ్బలు, నెత్తురు, కట్లు మా ఇంట్లో కొత్త కాదు. అందుకే ఉద్యోగంలో చేరిన కొత్తలో, సూది చూసి అంత దూరం జరిగే అడవి ఊళ్ళవాళ్ళు నాకు వింతగా కనిపించేవాళ్ళు. "కొంచెమే తియ్యి, మళ్ళ రాదు" అనేవాళ్ళు. రెండు చెంచాల నెత్తురు కూడా లేదమ్మా అని నేను సిరంజి చూపించేదాన్ని. వాళ్ళకు ఆ చూపించడమే భయం.

పోనుపోనూ అర్థమైంది. తెల్లారకముందు లేచి, ఇంత గంజి తాగి, సగం దూరం నడిచి సగం దూరం ఆటోలో వచ్చిన మనిషికి ఒంట్లో మిగిలిన బలం ఆ నెత్తురే. దాన్ని ఎవరో తెల్లకోటు మనిషి తీసి సీసాలో పోసుకుంటుంది. ఎందుకో చెప్పదు. రేపు మళ్ళీ రమ్మంటుంది. వాళ్ళ భయంలో తప్పేమీ లేదు.

అందుకని నేనొక పంతం పెట్టుకున్నాను. ఎవరికైనా ఒక్కటే పోటు. చెయ్యి నిమిరి, మాటల్లో పెట్టి, నరం దొరికేదాకా సూది బయటికి తీసేదాన్ని కాదు. "నెత్తురక్క దగ్గరికి పొండ్రి, ఒక్క పోటుతోనే అయిపోగొడ్తది" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. ఆ పేరు నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, ఇక్కడే జాగ్రత్త. మంచి పేరు ఉన్న పనిలోనే మనిషి ఎక్కువ తప్పులు చేస్తుంది.

ల్యాబ్‌లో ట్యూబులకు రంగు మూతలుంటాయి. ఎర్ర మూత ట్యూబులో నెత్తురు గడ్డకడుతుంది, పైన తేలిన సీరంతో రసాయన పరీక్షలు చేస్తాం. ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ అనే ఉప్పు ఉంటుంది, అది నెత్తురును గడ్డకట్టనివ్వదు, అందులో కణాలు లెక్కపెడతాం. నేను చదువుకున్నది ఇంతే. ఎర్ర మూతలో నెత్తురు చాలకపోతే ఊదా మూతలోంచి కొంచెం పోసేవాళ్ళం. మా సీనియర్లు దాన్ని "సర్దడం" అనేవాళ్ళు. నేనూ చాలాసార్లు సర్దాను. ఏమీ అయినట్టు కనిపించలేదు కాబట్టి ఏమీ కాదనుకున్నాను.

జోగమ్మ

ఒకరోజు పొద్దున ఓపీ సమయంలో ఒక ముసలామె కోడలిని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. ల్యాబ్ ముందు మూడు మెట్లుండేవి. ఆ మూడు మెట్లు ఎక్కడానికి కోడలు ఒక్కో కాలూ చేత్తో పట్టి పైకి పెట్టుకుంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. పేరు జోగమ్మ. ముసలామె బుచ్చమ్మ చంకలో జోగమ్మ చంటిపిల్ల.

"మూడో కాన్పు కాంచి గిట్లనే ఉంది. నడుము నొప్పి, తొడల నొప్పి. బాతు లెక్క నడుస్తుంది" అంది బుచ్చమ్మ.

డ్యూటీ డాక్టర్ శ్రీకాంత్ చీటీలో ఎముకలు మెత్తబడ్డాయని అనుమానం రాశాడు. కాల్షియం, పొటాషియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, రక్తశాతం అడిగాడు. కొత్త డాక్టరు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు.

జోగమ్మ చెయ్యి సన్నం. నరం దొరికింది గానీ సగం సిరంజి కూడా నిండకముందే ఆగిపోయింది. బుచ్చమ్మ నా చెయ్యే చూస్తోంది. "కొంచెమే తియ్యమ్మా, పాలిచ్చే మనిషి" అంది. నా ఒక్క పోటు పేరు గుర్తొచ్చింది. సూది తీసేశాను. ముందు ఊదా మూత ట్యూబులో పోశాను, మిగిలిన నాలుగు చుక్కలు ఎర్ర మూతలో పడ్డాయి. వాళ్ళు బయటికి వెళ్ళాక ఊదా మూత తీసి ఎర్ర దాంట్లోకి సర్దాను.

ఆ నెత్తురు సరిగ్గా గడ్డకట్టలేదు. జిగటగా, పట్టీ పట్టనట్టుగా ఉంది. అది నా కళ్ళకు కనపడింది. కనపడినా సీరం వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పేశాను.

పొటాషియం చాలా ఎక్కువ వచ్చింది, గుండె ఆగిపోయేంత. కాల్షియం బాగా తక్కువ. జోగమ్మను అప్పటికే ఆడవాళ్ళ వార్డులో చేర్చారు, గాబరాగా అక్కడికి ఫోన్ చేశాను. శ్రీకాంత్ ఎత్తాడు. "అక్కా, గింత పొటాషియం ఏంది? కరెక్టేనా?" అన్నాడు.

"మెషీన్ల అదే వచ్చింది సార్" అన్నాను.

ఆ జవాబు అబద్ధం కాదు. కానీ ఆయన అడిగింది మెషీన్ గురించి కాదు, నా గురించి. పొటాషియం నిజంగా అంత పెరిగితే ఈసీజీలో తెలుస్తుంది, అది తీసే అతను ఆరోజు సెలవు. ఎముకల జబ్బు మనిషికి కాల్షియం తక్కువ రావడం సరిపోయింది కాబట్టి, పక్కనున్న పొటాషియం అంకెనూ ఆయన నమ్మాడు. పూర్తిగా తప్పుడు రిపోర్టయితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. సగం నిజంలా కనిపించేదే మనుషుల్ని ముంచుతుంది. కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చి, పొటాషియం దించడానికి గ్లూకోజ్ సీసాలో ఇన్సులిన్ కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు.

పసుపు రాని గొట్టం

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒక ఎంజైము. ఎంజైమంటే ఒంట్లో ఏదో ఒక పనిని వేగంగా జరిపించే ప్రోటీను. ఇది ఎముకల్లో, కాలేయంలో ఉంటుంది. ఎముకలు మెత్తబడ్డ మనిషి నెత్తుట్లో బాగా పెరుగుతుంది. గొట్టంలో పోసిన రీఏజెంట్ అనే పరీక్ష ద్రావణంలో సీరం వేస్తే పసుపు రంగు తిరుగుతుంది, ఎంజైము ఎంత ఎక్కువుంటే పసుపు అంత చిక్కన.

జోగమ్మ గొట్టం నీళ్ళలాగే ఉండిపోయింది. ఇందాక సర్దిన సంగతి గుర్తొచ్చి అనుమానం తగిలింది, అయినా వార్డుకు ఫోన్ చేయలేదు.

అప్పుడే మా పెద్ద డాక్టర్ రాఘవరావు గారు వచ్చారు. మధిర వైపు రైతు కుటుంబం, పెద్దవాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డారు. మోకాలి నొప్పి, చేతికర్ర, ముక్కు చివర కళ్ళద్దాలు. ఆయన కింద పనిచేయడం అంత సుఖం కాదు. ఒకే ప్రశ్న మూడుసార్లు అడుగుతారు. ఊడ్చే మనిషి తప్పు చేసినా, సర్జన్ తప్పు చేసినా ఒకేలా తిడతారు. నేను చూసిన పై అధికారుల్లో నిజంగా చదువు చెప్పింది ఆయనొక్కరే.

గొట్టం వెలుగులో పెట్టి చూశారు. "ఎముకలు మెత్తబడ్డాయని రాశారు కదమ్మా. చిక్కటి పసుపు రావాలి. నీళ్ళలా ఉందేంటి?"

"రీఏజెంట్ పాతదేమో సార్."

ఆయన ఇంకొకరి సీరం అదే రీఏజెంట్‌లో వేశారు. నిమిషంలో పసుపు తిరిగింది. చీటీ మీద మిగతా అంకెలు చూశారు.

"పొటాషియం ఎక్కువ, కాల్షియం తక్కువ, ఈ ఎంజైము అసలే లేదు. ఈ మూడూ ఒక్కచోట నేను ఊదా మూత ట్యూబులోనే చూశాను. అందులోంచి పోశావా విజయా?"

"లేద్సార్" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే వెళ్ళి ఊదా మూత ట్యూబును స్టాండ్‌లో వెనక్కి జరిపింది. ఆయన ఆ చెయ్యి చూశారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు.

"ఈపాటికి ఆవిడకి ఇన్సులిన్ పెట్టుంటారు" అని కర్ర అందుకుని ఫోన్ వైపు నడిచారు.

ఆయన ఫోన్ దగ్గరికి చేరకముందే నేను బయట ఉన్నాను. చెప్పులు ల్యాబ్‌లోనే ఉన్నాయి. ఆడవాళ్ళ వార్డు దవాఖానా ఆ చివర. అంత పొడుగు వరండా అని ఆరోజే తెలిసింది. ఆ మనిషికేమన్నా అయితే చంటిపిల్ల గతేంది, నేనేం మొహం పెట్టుకుని బతకాలె అని ఏడుపొచ్చింది.

జోగమ్మకు చెమటలు పట్టాయి, చేతులు వణుకుతున్నాయి. బుచ్చమ్మ కొంగుతో నుదురు తుడుస్తోంది. శ్రీకాంత్ నాడి పట్టుకుని ఉన్నాడు.

"సార్, అది ఆపుండ్రి. నెత్తురు ఖరాబైంది. ఊదా మూత ట్యూబులకెల్లి నేనే పోసిన. పొటాషియం అబద్ధం."

ఆయన చెయ్యి ముందు సెలైన్ గొట్టం మీదికి పోయింది, కళ్ళు తర్వాత నా మీదికి వచ్చాయి. వేలు గుచ్చి షుగర్ చూశాడు, బాగా పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కించారు. కాసేపటికి వణుకు తగ్గి, జోగమ్మ పిల్ల ఎక్కడని అడిగింది.

అప్పుడు అడిగాడు శ్రీకాంత్. "అక్కా, నీకెప్పటి సంది తెలుసు?"

"పది నిమిషాల సంది సార్."

ఆయన మళ్ళీ జోగమ్మ నాడి పట్టుకున్నాడు. నాకు వచ్చిన మెమో సంగతి ఇక్కడ రాయను, అది ఫైల్లో ఉంది. కానీ ఆ పది నిమిషాలు ఏ ఫైల్లోనూ లేవు. ట్యూబు పోయడం తెలియక చేసిన తప్పు. దాచడం తెలిసే చేశాను. మొదటిదానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను.

రెండో చెయ్యి

మళ్ళీ నెత్తురు కావాలి. వేరేవాళ్ళను పంపుతానన్నారు నర్సు. నేనే వెళ్ళాను. మంచం పక్కన కూర్చున్నాను.

"అమ్మా, పొద్దున తీసిన నెత్తురు నా చేతుల ఖరాబైంది. దాని వల్లనే నీ కోడలికి అక్కర్లేని మందు ఎక్కింది. తప్పు నాది. మళ్ళ తియ్యాలె. ఈసారి రెండు పోట్లు పడొచ్చు."

బుచ్చమ్మ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత కోడలితో కోయ భాషలో చాలాసేపు మాట్లాడింది. ఆ భాషలో నాకు తిన్నావా, కూర్చో అన్న రెండు మాటలే తెలుసు. అవి రెండూ వినపడలేదు. తిడుతోందనే అనుకున్నాను, తిట్టినా పడాల్సిందే.

చివరికి తెలుగులోకి వచ్చింది. "మేం ఎప్పుడొచ్చినా మళ్ళ తియ్యాలె అంటరు. ఎందుకో ఒక్కరు జెప్పలె. ఖరాబ్ జేసిన అని నువ్వే జెప్తున్నవ్. తీస్కో."

జోగమ్మ రెండో చెయ్యి చాపింది. రెండు పోట్లు పడ్డాయి. ముందు ఎర్ర మూత నింపాను, ఊదా మూత తర్వాత. పొటాషియం మామూలుగానే వచ్చింది. కాల్షియం కొంచెమే తక్కువ. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంత పసుపు తిరిగిందంటే మెషీన్ చదవలేక చేతులెత్తేసింది, సీరం పలచన చేసి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. శ్రీకాంత్ అనుమానం నిజమే. విటమిన్ డి, కాల్షియం మొదలుపెట్టారు.

జింకు చుక్క

ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే రాఘవరావు గారు పిలిచారు. పొద్దుటి పాడైన సీరం ఇంకా ఉంది. మలం పరీక్షలో పురుగు గుడ్లు తేలడానికి వాడే జింక్ సల్ఫేట్ సీసా తెమ్మన్నారు.

"ఈ ఎంజైముకి చెయ్యీ కాలూ ఏంటో తెలుసా? జింకు. ప్రోటీను మధ్యలో జింకు సీటు ఒకటుంటుంది. జింకు అక్కడ కూర్చున్నంతసేపే పని జరుగుతుంది. ఊదా మూతలో ఉప్పు లోహాల్ని పట్టుకునే రకం. కాల్షియాన్ని పట్టుకుంటుంది, అందుకే నెత్తురు గడ్డకట్టదు, అందుకే నీకు కాల్షియం తక్కువొచ్చింది. ఎంజైములో కూర్చున్న జింకునీ లాగేస్తుంది. ఆ ఉప్పే పొటాషియంతో చేసింది, అందుకే అది పెరిగింది. మెషీన్ ఒక్క అబద్ధమూ చెప్పలేదమ్మా. నువ్వు పోసిందే చెప్పింది."

ఆయన జింకు నీళ్ళు బాగా పలచన చేసి, కొద్దిగా మెగ్నీషియం కూడా కలిపి ఆ సీరంలో చుక్కలుగా వేశారు. కాసేపాగి రీఏజెంట్ కలిపారు. నీళ్ళలా ఉండాల్సిన గొట్టంలో లేత పసుపు మొదలైంది. ఖాళీ అయిన సీట్లోకి జింకు మళ్ళీ వచ్చి కూర్చుంది.  ఇన్నేళ్ళుగా అంకెలు రాశాను గానీ ఆ అంకె వెనక ఏముందో చూడటం అదే మొదటిసారి.

"పూర్తిగా వచ్చినట్టేనా సార్?"

"కొంచెం వచ్చింది. మిగతాది రేపు పొద్దున చూడు."

పొద్దున అదే సీరంలో అన్నే చుక్కలు నా చేతే వేయించారు. ఎంతసేపు చూసినా పసుపు దాదాపు రాలేదు.

"జింకు లేకుండా ఎక్కువసేపు ఉంటే ప్రోటీను వంకర తిరిగిపోతుంది. అప్పుడు జింకు తెచ్చి ఇచ్చినా దానికి కూర్చునే చోటుండదు. సాయంత్రానికి కొంచెం మిగిలింది, తెల్లారేసరికి అదీ పోయింది" అన్నారు.

నా పది నిమిషాల గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా చేశారు. ఆ రోజు నుంచి మా ల్యాబ్‌లో సర్దడం ఆగింది. సీనియర్లు కొందరు మూతి ముడుచుకున్నారు, నేను లెక్కచేయలేదు.

వల గుండ్లు

అదే పాఠం చాలా ఏళ్ళ తర్వాత ఇంకోలా పనికొచ్చింది. నది ఒడ్డున ఉండే చేపలు పట్టే అతను ఒకడు కడుపు మెలిపెట్టే నొప్పితో నాలుగైదుసార్లు వచ్చాడు. మనిషి పాలిపోయాడు. ఐరన్ గోలీలు ఎన్ని మింగినా రక్తశాతం పెరగదు. స్లైడ్ చూస్తే ఎర్ర కణాల్లో నీలం చుక్కలు కనిపించాయి. ఏం పని చేస్తావని అడిగాను.

"వలలకు సీసం గుండ్లు కడ్త. పాత బ్యాటరీల సీసం కరగబోస్త. గుండును తాడుకు పంటితోనే నొక్కుత" అన్నాడు. పళ్ళు చూపించి నవ్వాడు కూడా.

రాఘవరావు గారు అప్పటికి రిటైర్ అయ్యారు. ఫోన్ చేశాను. "నెత్తురుకి రంగునిచ్చే పదార్థం తయారుచేసే ఎంజైములోనూ జింకు సీటుందమ్మా. సీసం వచ్చి జింకుని లేపి తను కూర్చుంటుంది. బస్సులో తువ్వాలు వేసి సీటాపినవాడిలాగా తను పని చెయ్యదు, ఇంకొకణ్ణి కూర్చోనివ్వదు" అన్నారు. డాక్టరుకు చెప్పి అతణ్ణి హైదరాబాద్ పంపించాం. అక్కడ సీసం బయటికి లాగడానికి ఎక్కించిన మందు పేరు చూసి నాకు నవ్వొచ్చింది. మా ఊదా మూత ఉప్పుకు తోబుట్టువే అది, కాకపోతే కాల్షియంతో చేసింది. నన్ను ముంచినదే అతణ్ణి తేల్చింది. ఇప్పుడతను గుండ్లు పట్టకారుతో నొక్కుతున్నాడు.

మూడు మెట్లు

జోగమ్మ సంగతి చివరిదాకా చెప్పలేదు కదా.

ఇంటికి పంపేటప్పుడు మూడు నెలలకు మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు. వస్తారని నేను అనుకోలేదు. అంత జరిగాక నేనైతే రాను. నెలలు గడిచినకొద్దీ ఓపీ వరస చూస్తూనే ఉండేదాన్ని, ఎవరినీ అడగడానికి ధైర్యం చాలేది కాదు. మందులు మింగిందో లేదో, ఆ ఇన్సులిన్ వల్ల ఇంటికెళ్ళాక ఏమన్నా అయిందో తెలియదు.

ఒకరోజు తల వంచుకుని చీటీలు రాసుకుంటున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒకటి, రెండు, మూడు, ఎక్కడా ఆగలేదు. తలెత్తితే గుమ్మంలో జోగమ్మ. చంకలో పిల్ల. రెక్క పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. బుచ్చమ్మ మెట్ల కిందే ఉండి ఎండకు కొంగు కప్పుకుని చూస్తోంది.

 జోగమ్మ పిల్లను నా బల్ల మీద కూర్చోబెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. నేను రబ్బరు పట్టీ కట్టి, అలవాటుగా చిన్న సిరంజి తీసుకున్నాను. ఆమె నా చేతిలో సిరంజి చూసి, పక్కనున్న పెద్దదాన్ని వేలితో చూపించింది.

"గా పెద్దది తీస్కో అక్కా. ఈసారి ఎంత గావాల్నో అంత తియ్యి" అంది జోగమ్మ. "తక్కువ దీసి మళ్ళ తిప్పలు బడకు."